నల్ల కవరులో చుట్టుకుపోయిన వేరు

సంపాదకులకు,

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలి. పొద్దెక్కాక మా జీడితోటకెళ్తే లోపలికి అడుగుపెట్టే దారి లేదు. చాలా చెట్లు ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి.

కట్టెలు కొట్టించేటప్పుడు ఒక సంగతి కంటబడింది. ఎనిమిదేళ్ల అంటుచెట్లు మొదలంటా లేచిపోయాయి. ఒకదాని మన్ను దులిపి చూస్తే తల్లివేరు లోతుకు దిగనే లేదు. నర్సరీలో నల్ల కవరు అడుగు తగిలిన చోటే మెలితిరిగి, చుట్టకుదురులా చుట్టుకుపోయింది. పక్కనే మా తాత జీడిపిక్క నేలలోనే నాటి పెంచిన చెట్లున్నాయి. అవేం క్షేమంగా లేవు, అబద్ధమెందుకు. కొమ్మలన్నీ విరిగి మోడులయ్యాయి. కానీ ఆ మోడులు నిలబడ్డాయి, మళ్లీ చిగిర్చాయి.

తుపాను తర్వాత రాయితీ మొక్కలిచ్చారు. అవే నల్ల కవర్లు. కొన్నిటికి కవరు చిరిగి వేరు బయటికొచ్చింది, అంటే నర్సరీలోనే ముదిరిపోయాయన్నమాట. తెచ్చి నాటాను, ఇంకేం చేస్తాను!

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. దసరా వస్తోందంటే మా ఉద్దానంలో ముందు ఆకాశం వైపు చూస్తాం. సముద్రం వేడెక్కే కొద్దీ తుపానులు త్వరగా ముదురుతున్నాయని వాతావరణ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. జీడి ఒక ఏడాది పంట కాదు, ఒక తరం పంట. ఇవాళ నాటే చెట్టు ఇలాంటి గాలుల్ని ఇంకెన్ని చూడాలో!

తొలకరికి గోతిలోనే పిక్క నాటి, మొలక గట్టిపడ్డాక అక్కడే మంచిరకం అంటు కట్టే పద్ధతి ఉంది. మామిడికీ కడతారు. తల్లివేరు తిన్నగా దిగుతుంది. కష్టమూ ఉంది: మొదటి వేసవి నీళ్లు మోయాలి, మేకల్ని కాయాలి, కట్టినవన్నీ అతకవు. పైగా మా వైపు అంటు కట్టడం వచ్చినవాళ్లు వేళ్లమీద లెక్క. మండలానికి పదిమంది కుర్రాళ్లకు ఆ పని నేర్పించి, తోటలోనే కట్టిన అంటుకూ రాయితీ ఇవ్వాలని ఉద్యానశాఖను కోరుతున్నాను.

అది కుదిరేలోపు ఇంకొకటి. మొక్కల లోడు దిగిన రోజున, లారీ దగ్గరే, రైతుల ముందు నాలుగు కవర్లు కోసి వేరు చూపించమనండి. చుట్టుకుపోయి ఉంటే ఆ లోడు వెనక్కి పంపాలి.

– ఒక జీడి రైతు,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా