మధ్యాహ్నం 255 ఓల్టులు, తెల్లవారుజామున 200: మా లైను సంగతి కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. ఇరవై రెండేళ్లుగా మోటార్ వైండింగ్ పని చేసుకుంటున్నాను. మైపాడు వైపు రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి అందించే ఏరేటర్ల మోటార్లే నా షాపుకి ఎక్కువగా వస్తాయి. మీ పేపర్లో ఇంటి సోలార్ గురించి రోజూ ఏదో ఒక వార్త ఉంటోంది, ఎన్ని ఇళ్లకు పెట్టారు, సబ్సిడీ ఎంత, బిల్లు ఎంత తగ్గింది అని. మంచిదే. పీఎం సూర్యఘర్ కింద నేనూ పోయినేడు 3 కిలోవాట్లు పెట్టించుకున్నాను, 78 వేల సబ్సిడీ అకౌంట్లో పడింది. కానీ మన మిద్దె మీది కరెంటు వెళ్లి కలిసే లైను ఎలా ఉందో ఎవరూ రాయడం లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మొన్న ఎండాకాలం ఒకరోజు పన్నెండు గంటలప్పుడు మా ఆవిడ షాపుకి ఫోన్ చేసి, సోలార్ ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది, కాసేపటికి పోతోంది, మళ్లీ వస్తోంది అని చెప్పింది. ఇంటికెళ్లి మీటర్ పెట్టి చూస్తే 255 ఓల్టులు. ప్యానెళ్ల కరెంటుని మార్చి లైనులో కలిపే ఆ ఇన్వర్టర్ ఆగిపోయింది. ఆగగానే ఓల్టేజీ 249కి దిగింది, ఒకటి రెండు నిమిషాలు చూసుకుని ఇన్వర్టర్ మళ్లీ కలిసింది, కలవగానే 252, 254, 255, మళ్లీ ట్రిప్. అక్కడే స్టూలు వేసుకుని గంటసేపు కూర్చుని చూశాను, ఇదే వరస. ఎండ నడినెత్తిన ఉండి, ప్యానెళ్లు బాగా పనిచేసే ఆ రెండు గంటలూ నా సోలార్ ఉన్నట్టా లేనట్టా? 3 కిలోవాట్లకి రోజుకి సుమారు 12 యూనిట్లు వస్తాయని లెక్క, అందులో మూడోవంతు ఇలా పోతోంది. పోయిన యూనిట్లు ఏ బిల్లులోనూ కనబడవు కాబట్టి చాలామందికి పోతున్నట్టే తెలియదు.

ఇది ఇన్వర్టర్ తప్పు కాదు, దాని పని అది చేస్తోంది. కేంద్ర విద్యుత్ అథారిటీ 2013లో పెట్టిన నిబంధనల ప్రకారం ఓల్టేజీ ఉండాల్సిన దానికంటే 10 శాతం మించితే, అంటే 230కి 253 దాటితే, 2 సెకన్లలో లైను నుంచి విడిపోవాలి. మరి లైనులో అంత ఓల్టేజీ ఎందుకుంది?

మన పెన్నా కాలువల మీద వ్యవసాయం చేసినవాళ్లకి ఇది సులువుగానే అర్థమవుతుంది. చివరి పొలానికి నీళ్లు అందాలంటే తూము దగ్గర మట్టం ఎత్తుగా పెట్టాలి. కరెంటు లైనూ అంతే. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మనకి వచ్చేది 433 ఓల్టులు, అంటే ఒక్కో ఫేజుకి 250. దారిలో తగ్గుతూ తగ్గుతూ చివరింటికి 230 దగ్గరికి వస్తుందన్నది పాత లెక్క. ఆ లెక్క వేసిన రోజుల్లో కరెంటు ఒక్క వైపే పారేది. ఇప్పుడు చివరి పొలం రైతే బోరు వేసి కాలువలోకి నీళ్లు వదులుతున్నాడు, అంటే మనం మధ్యాహ్నం పూట లైనులోకి ఎదురు కరెంటు తోస్తున్నాం. ఇళ్లలో ఏసీలు, ఫ్యాన్లు, గ్రైండర్లు అన్నీ తిరుగుతుంటే వీధిలోనే ఖర్చయిపోయి ఇబ్బంది ఉండదు, అందరూ పనులకి పోయి ఇళ్లకి తాళాలు వేసి ఉన్న పూట మాత్రం చివరన మట్టం పెరిగిపోతుంది. పైగా మా వీధి తీగ పాతది, సన్నది. తీగ ఎంత సన్నమైతే అంత ఎక్కువ పెరుగుతుంది.

ఇక రాత్రి సంగతి. చీకటి పడ్డాక గుంటల్లో నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేస్తుంది, తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అందుకని రైతులు ఏరేటర్లు ఎక్కువగా రాత్రి నుంచి తెల్లారేదాకా తిప్పుతారు. సోలార్ ఉన్న వేళకి ఏరేటర్లు ఆగి ఉంటాయి, ఏరేటర్లు తిరిగే వేళకి సోలార్ ఉండదు. మా ఊరి చివర ఇళ్లు, గుంటలు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నాయి. మధ్యాహ్నం 255 చూపించిన అదే స్తంభం దగ్గర తెల్లవారుజామున మూడున్నరకి నేనే వెళ్లి చూశాను, ఫేజుకి 200. మూడు ఫేజుల మీద 415 ఉండాల్సింది 346. మోటారు బలం ఓల్టేజీ తగ్గినంతే తగ్గదు, దాని వర్గం (స్క్వేర్) లెక్కన తగ్గుతుంది, అంటే ఇక్కడ దాదాపు 30 శాతం బలం పోయినట్టు. చక్రం ఆగకుండా తిరగాలి కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, రెండు నెలలకి నా షాపుకి వస్తుంది.

"అన్నా, మొన్ననే గదా నీ దగ్గర కట్టించింది, మళ్లీ మాడిపోయిందే" అని ఒక రైతు అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. విప్పి చూపించాను. మోటారు ఎందుకు కాలిందో లోపల కాయిల్స్ చూస్తే తెలిసిపోతుంది. ఒక ఫేజు పోయి రెండింటి మీద తిరిగిన చిన్న మోటారైతే మూడింట రెండొంతుల కాయిల్స్ బొగ్గులా మాడి, మిగిలిన వంతు కొత్త రాగిలా మెరుస్తుంటుంది. లో ఓల్టేజీ మీద లాగి లాగి పోయిందైతే అన్నీ ఒకే తీరుగా నల్లబడతాయి. అతని మోటారు ఈ రెండూ కాదు. ఒక ఫేజు కాయిల్స్ ముదురు గోధుమ రంగుకి తిరిగి, వార్నిష్ పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది, మిగతావి బాగానే ఉన్నాయి. మూడు ఫేజుల ఓల్టేజీ సమానంగా లేకపోతే వచ్చే జబ్బు ఇది. ఫేజుల మధ్య తేడా 3.5 శాతం ఉంటే చాలు, మోటారు వేడి పావువంతు దాకా పెరుగుతుందని మా పనిలో అందరికీ తెలిసిన లెక్క. ఈ రకం మోటార్లు ఈమధ్య ఎక్కువగా వస్తున్నాయి.

మా వీధిలో సోలార్ పెట్టుకున్న ఇళ్లు ఏడు. అందులో ఐదింటి సర్వీసు వైర్లు ఒకే ఫేజుకి తగిలించి ఉన్నాయి, కింద నిలబడి తలెత్తి చూస్తే ఎవరికైనా కనబడుతుంది. పగలు ఆ ఫేజు ఒక్కటీ ఉబ్బుతుంది, రాత్రి అవే ఐదిళ్ల ఏసీలతో ఆ ఫేజే కుంగుతుంది. దీనికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు, లైన్‌మన్ ఒక పూట స్తంభం ఎక్కి ఆ ఐదింటిలో కొన్ని వైర్లు మిగతా రెండు ఫేజులకి సమానంగా పంచితే చాలా వరకు సర్దుకుంటుంది. కరెంటు ఆఫీసులో రెండుసార్లు కాగితం ఇచ్చాను. మొదటిసారి లో ఓల్టేజీ కంప్లయింట్ అనుకుని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్, అంటే ఓల్టేజీ పెంచే తగ్గించే మీట, ఒక మెట్టు పైకి పెట్టి పోయారు. దాంతో రాత్రి గుంటల వాళ్లకి కొంచెం నయమైంది గానీ, మధ్యాహ్నం మా ఇన్వర్టర్లు ఇంకా ముందే ట్రిప్ కావడం మొదలైంది. ఆ ట్యాప్ మార్చాలంటే సప్లై ఆపి మార్చాలి, పొద్దున ఒకలా రాత్రి ఒకలా పెట్టడం జరిగే పని కాదు. లైన్‌మన్‌ని నేను తప్పు పట్టను, ఒక్కడు నాలుగు ఊళ్లు తిరుగుతాడు. అతనికి ఎప్పుడు ఎక్కడ ఎంత ఓల్టేజీ ఉందో చెప్పే కాగితం ఒక్కటి లేదు.

సోలార్ పెట్టిన కుర్రాడిని పిలిస్తే ఇంకో దారి చెప్పాడు. సెట్టింగుల్లోకి వెళ్లి ట్రిప్ హద్దు 270కి పెంచేస్తానన్నాడు, చాలా ఇళ్లలో అలాగే చేశామన్నాడు. వద్దన్నాను. సోలార్ పెట్టించుకునే ప్రతి ఒక్కరికీ ఇది గట్టిగా చెప్తున్నాను, ఒప్పుకోకండి. నా ఇన్వర్టర్ 265 దగ్గర కూడా తోస్తూ ఉంటే పక్కింటి ముసలమ్మ ఫ్రిజ్, ఎదురింటి పిల్లల టీవీ ఆ 265 మీదే నడవాలి. ఆ సెట్టింగుల్లోనే పనికొచ్చేది ఇంకొకటి ఉంది, దాని ఊసే ఎవరూ ఎత్తరు. ఇప్పుడొచ్చే ఇన్వర్టర్లలో చాలావాటికి ఓల్టేజీ పెరిగేకొద్దీ రియాక్టివ్ పవర్ (పనికి ఖర్చు కాకుండా లైనులో అటూ ఇటూ ఊగే పవర్) లాక్కుని కొంత వరకు దాన్ని కిందికి దించే గుణం ఉంటుంది, ఇంకా పెరిగితే ఒక్కసారిగా ఆగకుండా మెల్లగా తగ్గించుకునే గుణం కూడా ఉంటుంది. జర్మనీలో ఇలా రియాక్టివ్ పవర్‌తో లైనుకి సాయపడే గుణం పదేళ్లకు పైగా తప్పనిసరి. ఇక్కడ పెట్టెలో ఉండీ ఆన్ చేయడం లేదు, ఏ అంకె పెట్టాలో కుర్రాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

ఇదంతా ఒక వీధి గొడవ అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 28న మధ్యాహ్నం పన్నెండున్నరకి స్పెయిన్, పోర్చుగల్ రెండు దేశాల్లో కరెంటు దాదాపు మొత్తం పోయింది. ఓల్టేజీ అదుపు తప్పి పెరగడం, పెరిగేకొద్దీ ఉత్పత్తి చేసేవి ఒకదాని వెనక ఒకటి విడిపోవడం అందుకు కారణమని యూరప్ గ్రిడ్ సంస్థల నివేదిక చెప్పింది. సోలార్ మీద నింద వేయడానికి ఇది చెప్పడం లేదు. ఓల్టేజీని పట్టి ఉంచే ఏర్పాటు ముందు చేసుకోవాలని చెప్తున్నాను. మనకి కృష్ణపట్నం దగ్గర నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి, కరెంటు తయారీకి కొదవ లేదు. కొదవంతా ఆఖరి అరకిలోమీటరు తీగలోనే.

మా వైపు సముద్రపు గాలి ఉంది, అది మరో బాధ. ఉప్పుకి జాయింట్లు తెల్లగా పొడి పట్టి వదులైపోతాయి. ఫేజు జాయింట్ వదులైతే లైటు మినుకుమంటుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగితే మాత్రం ఒకింట్లో 130, పక్కింట్లో 330 వస్తుంది, ఫోన్ చేసేలోపే సామాన్లు పోతాయి. ఫేజులు ఎంత అసమానంగా ఉంటే ఆ దెబ్బ అంత గట్టిగా ఉంటుంది. కాబట్టి వైర్లు మార్చడానికి ఎక్కినప్పుడే న్యూట్రల్ జాయింట్లు గీకి బిగించి దిగమని నా మనవి.

గుంటల రైతులకి కూడా ఒక మాట. ఒక ఫేజు పోతే మోటారుని ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ మాటిమాటికీ ఆపేస్తోందని దాన్ని తీసేసి డైరెక్ట్ చేయమని నా దగ్గరికే వస్తారు, నేను చేయను, దయచేసి ఎవరిచేతా చేయించకండి. డీజిల్ జనరేటర్‌కి చేంజోవర్ స్విచ్, అంటే లైనుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే స్విచ్, తప్పకుండా పెట్టుకోండి. లైను చచ్చిందనుకుని లైన్‌మన్ పైన చేయి పెట్టి ఉంటాడు, మీ జనరేటర్ కరెంటు వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్ గుండా 11 వేల ఓల్టులై అతన్ని తాకుతుంది. సోలార్ ఇన్వర్టర్ లైను పోగానే తనంతట తాను ఆగేలా చేసింది ఇందుకే, జనరేటర్‌కి ఆ తెలివి ఉండదు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి మన ప్రభుత్వం 2 కిలోవాట్లు ఉచితంగా పెడుతోంది. చాలా మంచి పని. కానీ కాలనీ మొత్తానికి ఒకేసారి పెడితే యాభై ఇళ్ల కరెంటూ ఒకే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది, పగలంతా ఆ ఇళ్లలో మనుషులే ఉండరు. పెట్టేముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్ చివరి స్తంభం దగ్గర వారం రోజులు ఓల్టేజీ రాసి చూడండి. స్మార్ట్ మీటర్లు పెట్టినచోట అది కూడా అక్కర్లేదు, ఓల్టేజీ అందులో నమోదవుతూనే ఉంటుంది, తీసి చూస్తే చాలు. వినియోగదారుడికి కూడా దాన్ని బిల్లుతోపాటు చూపించాలి, ఈ నెల మీ ఇంట్లో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అని రెండే రెండు అంకెలు.

మార్చి నుంచి మా వీధి మూడు ఫేజులవీ పొద్దున, మధ్యాహ్నం, తెల్లవారుజామున రీడింగులు నోటు పుస్తకంలో రాసి పెట్టాను, తేదీలతో సహా. మూడోసారి కాగితం ఇచ్చేటప్పుడు దానికి జత చేస్తాను. అధికారులు ముందే చూస్తామంటే ఇప్పుడే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మెకానిక్,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా.