యునెస్కో గుర్తింపు బార్కస్ దాకా చేరాలి

సంపాదకుడి గారికి,

నమస్కారం. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో కోసం పాతబస్తీలో రోడ్డు వెడల్పు చేస్తున్నారు. దారుల్‌షిఫా, మీరాలం మండి, శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా దాదాపు ఏడున్నర కిలోమీటర్ల దారి అది. పాతబస్తీకి మెట్రో రావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పని ఆగాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ దారిలోనూ, అది ఆగే చోటికి అవతల ఉన్న బార్కస్‌లోనూ ఈ నగరం తిండి చరిత్ర ఉంది. పనులు పూర్తయ్యేలోగా దాని సంగతి ఎవరో ఒకరు పట్టించుకోవాలి. అందుకే ఈ ఉత్తరం.

2019 అక్టోబర్ చివర్లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. అప్పుడే సినిమా విభాగంలో ముంబైకి చోటు దక్కింది. ఆ వార్త విని పొంగిపోయినవాళ్లలో నేనొకణ్ణి. ఆ తర్వాత మాత్రం ఆ గుర్తింపు పేరు చెప్పి ఎక్కడ చూసినా బిర్యానీ బొమ్మ ఒక్కటే కనిపిస్తోంది. బిర్యానీ గొప్పదే, కాదనను. కానీ యునెస్కో మెచ్చుకున్న ఈ ఊరి రుచి ఒక్క వంటకంతో తయారైంది కాదు. దేశదేశాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు తమతో పాటు తెచ్చుకున్న వంటలన్నీ కలిస్తే అయింది.

ఈ నగరానికి పునాది వేసిన రోజుల్లోనే, అంటే 1591 ప్రాంతంలో, ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చిన మీర్ మొమిన్ కుతుబ్‌షాహీల కొలువులో పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉన్నారు. తర్వాత నిజాం సైన్యంలోకి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్వదళం వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి చేరింది. మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) వాళ్లున్న చోటే. ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్లు చౌరస్తాల్లో చాయ్ హోటళ్లు పెట్టారు. సికింద్రాబాద్‌లో చైనా కుటుంబాలు పళ్ల డాక్టర్లుగా, హోటల్ యజమానులుగా స్థిరపడ్డాయి.

వీళ్లలో బార్కస్ వాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నిజాం కాలంలో అరబ్బు సైనికుల బ్యారక్‌లు ఉన్న పేట అది. ఇప్పటికీ అక్కడి మగవాళ్లు లుంగీ కట్టి, భుజం మీద రుమాలుతో కనిపిస్తారు. పొద్దున్నే వెళ్తే హరీస్ దొరుకుతుంది. గోధుమలు, మాంసం కలిపి రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి, కర్రతో మెదిపి మెదిపి, గింజా పీచూ తెలియకుండా చేస్తారు. మసాలా దాదాపు ఉండదు. పైన నెయ్యి వేస్తారు. ఉప్పుది కావాలా తీపిది కావాలా అని అడుగుతారు. తీపిది అంటే చక్కెర చల్లి ఇస్తారు. మాంసం మీద చక్కెరా అని మొదటిసారి ఎవరైనా తటపటాయిస్తారు. రెండు స్పూన్లు తిన్నాక ఆ సందేహం ఉండదు. రంజాన్‌లో ఊరంతా క్యూ కట్టే మన హలీమ్‌కు మూలం ఈ హరీసే. దాన్ని హైదరాబాద్ తన మసాలాతో, పప్పుతో, వేయించిన ఉల్లిపాయతో తనదిగా చేసుకుంది. 2010లో హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

మండీ సంగతీ అంతే. ఈరోజు విజయవాడ, గుంటూరు, ఖమ్మం, కరీంనగర్, ఎక్కడికి వెళ్లినా 'అరేబియన్ మండీ' బోర్డు ఉంటుంది. పుట్టినరోజు పార్టీలు, కాలేజీ పిల్లల ట్రీట్లు అక్కడే. ఒక పెద్ద పళ్లెం మధ్యలో పెట్టుకుని నలుగురూ చుట్టూ కూర్చుని తినడం మన పిల్లలకు ఎంత నచ్చిందో చూస్తూనే ఉన్నాం. అసలు మండీలో అన్నం మీద మాంసం పెట్టి గుంటపొయ్యిలో మూసేస్తారు. మాంసంలోంచి కారిన రసం, కొవ్వు అన్నంలోకి దిగుతాయి. అందుకే బిర్యానీలో లాగా మసాలా ఘాటు ఉండదు, అన్నమే రుచి మోస్తుంది. పక్కన టమాటా చట్నీ, ఒక గిన్నెలో మాంసం చారు. ఈ వంట మన ఊళ్లకు రావడానికి దారి వేసిన బార్కస్ పేరు ఆ బోర్డుల మీద ఉండదు. పర్యాటకులకు చూపించే హైదరాబాద్‌లోనూ ఆ పేటకు చోటు లేదు. చార్మినార్, ఫలక్‌నుమా చూపించి వెనక్కి తిప్పేస్తారు. ఫలక్‌నుమా నుంచి బార్కస్ ఎంత దూరమని?

ఇరానీ హోటళ్ల పరిస్థితి ఇంకా బాధగా ఉంది. డికాక్షన్ రాగి పాత్రలో మూత బిగించి దమ్ మీద ఉంటుంది. పాలు వేరే గిన్నెలో గంటల తరబడి మరుగుతూ చిక్కబడతాయి. రెండింటినీ కప్పులోనే కలుపుతారు. ఇంత గ్యాస్, ఇంత సమయం పెట్టి చేసిన చాయ్‌ను సామాన్యుడు కొనగలిగే ధరకే అమ్మాలి. పైగా ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనకూడదు. ఆ పద్ధతి మీదే ఆ హోటళ్లు బతికాయి. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, రాజకీయ నాయకులు గంటల కొద్దీ కూర్చుని మాట్లాడుకునేవారని పాతవాళ్లు చెబుతారు. ఇప్పుడది లేదు. చౌరస్తాలో మూల బిల్డింగ్ అంటే అద్దె ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. అదే మూల రోడ్డు వెడల్పులో ముందు పోతుంది కూడా. పిల్లలు వేరే చదువులు చదివి వేరే దేశాలకు వెళ్లిపోతే, గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి ఉండడు. ఇన్ని ఒత్తిళ్లు ఒకేసారి వస్తే ఏ హోటల్ నిలబడుతుంది?

వలస అక్కడితో ఆగలేదు. ఉస్మానియా యూనివర్సిటీకి, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూకి చదువుకోవడానికి, మన ఆస్పత్రులకు వైద్యం కోసం యెమెన్, సూడాన్, సొమాలియా, ఇరాక్ నుంచి జనం వస్తూనే ఉన్నారు. టోలీచౌకి పారమౌంట్ కాలనీలో వాళ్ల కోసం వెలసిన చిన్న చిన్న హోటళ్లకు నేను అప్పుడప్పుడూ వెళ్తుంటాను. సొమాలియా వాళ్లు మాంసం, అన్నంతో పాటు అరటిపండు పెట్టుకుని, ముద్దముద్దకూ కొంచెం కొరుక్కుంటూ తింటారు. పెరుగన్నంలో అరటిపండు నంజుకునే మనకు అది వింతగా అనిపించాల్సిన పని లేదు. కానీ ఆ విద్యార్థులకే అద్దెకు ఇల్లు ఇవ్వడానికి వెనకాడే యజమానులు మన మధ్య ఉన్నారు. వాళ్ల వంట మెచ్చుకుని వాళ్లను గుమ్మం బయట నిలబెట్టడం మన ఊరికి తగదు.

శుభ్రత విషయంలో రాజీ పడమని నేను అడగను. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, చాలామంది జబ్బుపడ్డారు. ఆ నెలాఖరులోనే ప్రభుత్వం మోమోలతో నంజుకోవడానికి ఇచ్చే, పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. మంచి పని చేసింది. తనిఖీలు ఇంకా గట్టిగా జరగాలి, పెద్ద రెస్టారెంట్లలో కూడా జరగాలి. దాంతో పాటు చిన్న హోటల్‌వాడికి మంచి నీళ్లు, డ్రైనేజీ, వంటవాళ్లకు శిక్షణ అందేలా చూడాల్సింది కూడా అదే ప్రభుత్వం. నోటీసుతో, జరిమానాతో పని సరిపెడితే తట్టుకునేది డబ్బున్న చైన్ హోటళ్లు మాత్రమే.

వేరే నగరాలు ఈ సమస్యను ఎలా దాటాయో చూడండి. సింగపూర్‌లో 1960ల చివరి నుంచి 80ల దాకా రోడ్డు పక్కన వండి అమ్మేవాళ్లను, నీళ్లు, డ్రైనేజీ ఉన్న హాకర్ సెంటర్లు కట్టి అందులోకి మార్చారు. చైనా, మలయ్, తమిళ వంటలు ఒకే కప్పు కింద దొరికే ఆ చోట్ల సంస్కృతినే 2020లో యునెస్కో వారసత్వంగా గుర్తించింది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో పాత కాఫీ హోటళ్లను గుర్తించి కాపాడటానికి 1998లో చట్టమే చేశారు. మన దగ్గర 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పాత కట్టడాల గురించి అది మాట్లాడుతుంది. కట్టడం లోపల పొయ్యి వెలుగుతూ ఉండాలంటే ఏం చేయాలో కూడా ఆలోచించాలి కదా.

కాబట్టి నా విన్నపం ఇది. మెట్రో దారిలో పాత హోటళ్లు, బేకరీలు ఎన్ని ఉన్నాయో, ఎన్నాళ్లుగా ఉన్నాయో జీహెచ్ఎంసీ వెంటనే లెక్క తీయాలి. చోటు పోయేవాళ్లకు నష్టపరిహారం ఇచ్చి చేతులు దులుపుకోకుండా, కట్టబోయే స్టేషన్ల దగ్గరే షాపులు కేటాయించాలి. అద్దెకు ఉన్నవాళ్లను కూడా అందులో కలపాలి, ఎందుకంటే పరిహారం వచ్చేది బిల్డింగ్ యజమానికి, పొయ్యి ఆరేది అద్దెకున్నవాడికి. నగరమంతటా తరాలుగా నడుస్తున్న హోటళ్లకు ఒక జాబితా తయారు చేసి, వాటికి ఆస్తిపన్నులో, లైసెన్స్ ఫీజుల్లో వెసులుబాటు ఇవ్వాలి. పర్యాటక శాఖ బార్కస్‌ను, పారమౌంట్ కాలనీని తన పటంలో చేర్చాలి. చాంద్రాయణగుట్ట దాకా మెట్రో వచ్చేనాటికి అక్కడి నుంచి బార్కస్‌కు చిన్న బస్సులు ఉండాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింట్లో ఆ పేట చరిత్ర చెప్పే బోర్డులు పెట్టాలి. ఏం పెట్టాలో, ఎక్కడ పెట్టాలో నిర్ణయించే ముందు అక్కడివాళ్లనే కూర్చోబెట్టి అడగాలి.

యునెస్కో జాబితాలో ఉన్న నగరాలు నాలుగేళ్లకు ఒకసారి తాము ఏం చేశామో నివేదిక ఇవ్వాలన్న నియమం ఉంది. హైదరాబాద్ తరఫున అందులో ఏం రాశారు, ఏ హోటల్‌కు, ఏ వంటవాడికి ఏ సాయం అందింది? మున్సిపల్ శాఖ ఆ వివరాలను తెలుగులో, ఉర్దూలో ప్రజల ముందు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్