కేస్ షీట్‌లో ఎంఎస్ కనిపిస్తే

అమ్మడూ,

కేస్ షీట్‌లో ఎంఎస్ అని రాసుంటే ఏమని చదువుకోవాలి అని అడిగావు. ఫోన్‌లో హడావుడిగా తేల్చేసే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఆ రెండక్షరాలను ఆస్పత్రి బయట ఎవరికి కావలసినట్టు వాళ్లు వాడుకుంటారు. ఇనుము పని చేసేవాళ్లకు మైల్డ్ స్టీల్. పాత రాతప్రతులు చదివేవాళ్లకు మాన్యుస్క్రిప్ట్. ఇంజినీరింగ్ పిల్లలకు మాస్టర్ ఆఫ్ సైన్స్, మీ సర్జన్ల పేర్ల పక్కన మాస్టర్ ఆఫ్ సర్జరీ. కొలతల్లో అయితే అక్షరం సైజు మారినా అర్థం మారిపోతుంది. రెండూ చిన్నక్షరాలైతే మిల్లీసెకను, సెకనులో వెయ్యో వంతు. మొదటిది పెద్దక్షరం చేస్తే మెగాసెకను, అంటే పదకొండున్నర రోజుల పైమాటే!

ఇక మన వార్డుల సంగతి. న్యూరాలజీలో ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల మీది మైలిన్ పొర దెబ్బతినే జబ్బు. కార్డియాలజీలో మైట్రల్ స్టెనోసిస్, గుండె కవాటం ఇరుకైపోవడం. మిగతా షీట్ చదివితే ఏదో తెలిసిపోతుంది. పేషెంటును ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు మార్చినప్పుడు మాత్రం కాస్త చూసుకో.

నాకు భయమంతా మందుల దగ్గరే. మార్ఫిన్ సల్ఫేట్ ఎంఎస్, మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఎంఎస్. మొదటిది నొప్పికి నరంలోకి ఇచ్చేటప్పుడు కొద్ది మిల్లీగ్రాములే. రెండోది గర్భిణికి ఫిట్స్ రాకుండా మొదట ఇచ్చే డోసే 4 గ్రాములు. మార్ఫిన్ ఎక్కువైతే ఊపిరి మందగించి ఆగిపోతుంది. మెగ్నీషియం ఎక్కువైనా అంతే, ముందు మోకాలి రిఫ్లెక్స్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) పోతుంది, తర్వాత ఊపిరి. విరుగుళ్లు కూడా వేరు: మార్ఫిన్‌కు నాలోక్సోన్, మెగ్నీషియంకు కాల్షియం గ్లూకోనేట్. అందుకే అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని షార్ట్ ఫామ్‌ల జాబితాలో ఎంఎస్‌ను చేర్చింది. ఈ నిషేధం ప్రతి ఆస్పత్రిలోనూ ఉండాలని నా గట్టి నమ్మకం.

"ఇక్కడ అందరికీ తెలుసులే" అని సీనియర్లు అంటారు. ఆ రోజే కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయికి తెలియకపోవచ్చు కదా. నువ్వు మాత్రం మందు పేరు పూర్తిగా రాయి, పక్కన మిల్లీగ్రాములో గ్రాములో స్పష్టంగా రాయి. ఎవరైనా ఎంఎస్ అని ఆర్డర్ రాస్తే ఊహించుకుని ఇంజెక్షన్ లోడ్ చేయకు. అర్ధరాత్రయినా సరే, డాక్టరుకు ఫోన్ చేసి అడుగు. విసుక్కుంటారేమోనని టెన్షన్ పడకు, విసుక్కుంటే విసుక్కోనీ. వాళ్లు చెప్పింది తిరిగి చదివి వినిపించి, అవునన్నాకే మందు ఇవ్వు.

ప్రేమతో,
అమ్మ