రెండు రకాల తూటాల రివాల్వర్ గురించి, రాత్రిళ్లు కౌంటర్ వెనక నిలబడేవాడి మాట

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో దుకాణాలు నడుపుకునే మనవాళ్ల భద్రత మీద మీరు వేసిన కథనాన్ని మా అక్క ఖమ్మం నుంచి వాట్సాప్‌లో పంపింది. దాన్ని నాకంటే ముందే నా మేనల్లుడు, అంటే ఇక్కడ ఎంఎస్ చదువుతున్న వాళ్లబ్బాయి చదివాడు. అదే రాత్రి ఫోన్ చేసి "మామయ్యా, అందులో రాసిన రెండు రకాల తూటాలు పట్టే చిన్న రివాల్వర్ మన షాపులో ఒకటి పెడదామా, దానికి గురి కూడా అక్కర్లేదట" అన్నాడు. ఆ చివరి మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది డాలస్‌కు గంట దూరంలో చిన్న గ్యాస్ స్టేషన్. పదమూడేళ్లుగా నడుపుతున్నాను, రాత్రి పదకొండుకు మూస్తాను. ఒకసారి ఒకతను తుపాకీ చూపించి గల్లాలో ఉన్నదంతా పట్టుకుపోయాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టిందేమో, కానీ మా ఆవిడ ఆ టెన్షన్‌లోంచి బయటపడటానికి ఏడాది పట్టింది. ఆ తర్వాతే నేను తుపాకీ కొనాలనుకున్నాను. మీ కథనంలో పేరు వేయలేదు గానీ మీరు చెప్పింది టారస్ కంపెనీ జడ్జ్ రివాల్వర్‌లో చిన్న రకం, పబ్లిక్ డిఫెండర్ అంటారు. కొనేముందు షూటింగ్ రేంజ్‌లో దాన్ని అద్దెకు తీసుకుని కాల్చాను, దానితోపాటు ఇంకో రెండు కాల్చాను. చూసిందే రాస్తున్నాను.

ముందు అదేమిటో పాఠకులకు చెప్పాలి. ఐదు తూటాలు పట్టే రివాల్వర్ ఇది. తూటాలు పెట్టే దాని గదుల్లో (చాంబర్లలో) 1873 నాటి .45 కోల్ట్ తూటా పడుతుంది, అదే గదిలో .410 షాట్‌గన్ షెల్ కూడా పడుతుంది (ఈ అంకెలు తూటాల కొలతల పేర్లు). షెల్ అంటే ఒకే గుండు కాదు, లోపల చిన్న చిన్న గుళ్లు ఉంటాయి. మామూలుగా ఆ షెల్ పొడుగాటి షాట్‌గన్‌లో వాడేది, దాన్ని చేతిలో పట్టే పిస్తోలులో పేల్చడానికి 1934 నాటి ఫెడరల్ చట్టం అడ్డం. అయితే గొట్టం లోపల మెలికలు తిరిగిన మర గాడులు ఉంటే చట్టం దాన్ని మామూలు చేతి తుపాకీగానే చూస్తుంది. అందుకే కంపెనీ ఆ గాడులు పెట్టింది. (కాలిఫోర్నియాలో ఆ వెసులుబాటు కూడా లేదు, అక్కడ దీన్ని పొట్టి షాట్‌గన్ కింద లెక్కేసి నిషేధించారు. అక్కడున్న మనవాళ్లు మీ కథనం చదివి వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకుంటే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి.)

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గాడులు గుండును తిప్పుతాయి, తిరిగే గుండు తిన్నగా పోతుంది, అది మంచిదే. కానీ అవే గాడులు గుళ్ల గుంపును కూడా తిప్పుతాయి, తిరిగే గుంపు గొట్టం దాటగానే చెదిరిపోతుంది. పైగా గొట్టం రెండున్నర అంగుళాలు దాటదు. రేంజ్‌లో సన్న గుళ్ల షెల్ పేలిస్తే ఐదు గజాల దూరంలోనే కాగితం నిండా చుట్టూ చిల్లులు పడ్డాయి, మధ్యలో మాత్రం దాదాపు ఖాళీ. పిట్టల వేటకు వాడే ఆ గుళ్లు మందపాటి జాకెట్ వేసుకున్న మనిషిని ఆపుతాయని నమ్మకం పెట్టుకోలేం. ఎఫ్‌బీఐ పరీక్షల్లో తూటా మనిషి కండను పోలిన జెల్‌లో కనీసం 12 అంగుళాలు దిగాలని చూస్తారు, ఇవి అందులో కొద్దిపాటి దూరానికే ఆగిపోతాయి. సరే, పెద్ద గుళ్లు వాడదాం అంటారా, ఆత్మరక్షణ కోసమని ఫెడరల్ అనే తూటాల కంపెనీ చేసే షెల్‌లో నాలుగు పెద్ద గుళ్లు ఉంటాయి, వించెస్టర్ కంపెనీ షెల్‌లో మూడు బిళ్లలు, పన్నెండు చిన్న గుళ్లు ఉంటాయి. వాటిలో పస ఉంది, కాదనను. కానీ ఏడు గజాల నుంచి నేను పేల్చిన నాలుగు పెద్ద గుళ్లలో ఒకటి కాగితం బయటకు పోయింది. రేంజ్‌లో దాని వెనక మట్టి గోడ ఉంది, మా షాపులో అయితే ఆ చోట పాల ఫ్రిజ్ ఉంటుంది, ఆ ఫ్రిజ్ దగ్గర రాత్రి పది గంటలకు కూడా పిల్లలతో వచ్చిన తల్లి నిలబడి ఉంటుంది. మనం పేల్చిన ప్రతి గుండు ఎక్కడ ఆగిందో దానికి మనమే జవాబుదారీ. గురి అక్కర్లేదు అన్నమాట ఎవరు చెప్పినా అబద్ధం, దీనికి ఇంకా ఎక్కువ గురి కావాలి, ఎందుకంటే ఒక్క నొక్కుకు నాలుగింటికి లెక్క చెప్పాలి.

.45 తూటా వేస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. ఆ తూటా పొట్టిది, గదేమో షెల్ కోసం పొడుగ్గా చేసినది. గుండు గొట్టంలోకి చేరేలోపు ఖాళీలో చాలా దూరం దూకాలి, దానివల్ల గురి కొంత తగ్గుతుంది. ఇంకొకటి, చాలామంది షెల్, తూటా, షెల్, తూటా అని మార్చి మార్చి నింపుతారు, రెండు లాభాలూ వస్తాయని. గుండె దడదడలాడే ఆ క్షణంలో ఇప్పుడు పేలబోయేది ఏదో ఎవరికి గుర్తుంటుంది? దగ్గరున్నవాడికి షెల్, దూరంగా ఉన్నవాడికి తూటా అని ఏరుకుని పేల్చే తీరిక ఎవరికీ దొరకదు. నింపింది ఏదైతే అదే.

మంచి కూడా చెప్పాలి. ఇది రివాల్వర్ కాబట్టి ఇరుక్కుపోవడం తక్కువ, సొరుగులో నెలల తరబడి ఉన్నా తీసి నొక్కితే పేలుతుంది, ఒకటి పేలకపోతే మళ్లీ నొక్కితే తర్వాతది వస్తుంది. రబ్బరు పిడి మెత్తగా ఉంటుంది, బరువు దాదాపు 800 గ్రాములు కాబట్టి వెనక్కి తన్నడం నేననుకున్నంత లేదు, మా ఆవిడ కూడా ఐదూ కాల్చగలిగింది. ఒక రకం మందుగుండు దొరకని రోజుల్లో ఇంకో రకం దొరుకుతుంది. నాకు తెలిసిన ఒకాయనకు ఊరి బయట యాభై ఎకరాల పొలం ఉంది, అక్కడ గిలక పాములు ఎక్కువ, ఆయన సన్న గుళ్లు నింపి ట్రాక్టర్‌లో పెట్టుకుంటాడు. ఆ పనికి దీన్ని మించింది లేదు. మూడు గజాల్లో పాము, చుట్టూ మనుషులు లేని నేల. దాన్ని ఆ పనికే కొనమని ఎవరికైనా చెబుతాను.

చివరికి నేను కొన్నది కూడా ఒక రకంగా రెండు తూటాల రివాల్వరే, కానీ ఆ రెండూ ఒకే కొలత వెడల్పువి. .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ కూడా పడుతుంది. మాగ్నమ్‌ను 1935లో తెచ్చినప్పుడు పాత .38 తుపాకుల్లో పొరపాటున కూడా పట్టకూడదని మందు నింపే దాని తొడుగును మూడు మిల్లీమీటర్లకు పైగా పొడుగు చేశారు, ఎందుకంటే దాని పీడనం .38 కంటే దాదాపు రెట్టింపు. కాబట్టి .38 తూటా మాగ్నమ్ తుపాకీలో పడుతుంది, మాగ్నమ్ తూటా .38 తుపాకీలో పట్టదు. దీన్ని తిరగేసి చెప్పే షాపువాళ్లున్నారు, జాగ్రత్త.

రూగర్ ఎల్‌సీఆర్ అని ఒకటి ఉంది, .357 రకం అరకిలో కూడా ఉండదు, ఐదు తూటాలు. అందులో మాగ్నమ్ మూడుసార్లు పేల్చేసరికి అరచేయి మండిపోయింది, నాలుగోది పేల్చాలంటే చెయ్యి ముందే వణికింది. పొట్టి గొట్టంలో మందు పూర్తిగా కాలకుండానే బయటకొచ్చి పెద్ద మంట లేస్తుంది, నాలుగు గోడల మధ్య, చెవులకు ఏమీ లేకుండా, రాత్రిపూట ఆ మంట, ఆ మోత తర్వాత ఎదురుగా ఏముందో కనిపించదు. అదే తుపాకీలో .38 వేస్తే పట్టు తప్పలేదు. నేను దానికంటే బరువైన రూగర్ ఎస్పీ101 తీసుకున్నాను, దాదాపు ముప్పావు కిలో, జేబులో పెట్టుకునేది కాదు గానీ కౌంటర్ కింద చిన్న లాక్ బాక్స్‌లో ఉంటుంది. అందులో ఎప్పుడూ .38 మాత్రమే ఉంటుంది. మాగ్నమ్ డబ్బా ఒకటి కొన్నాను, ఇప్పటికీ సగం నిండుగానే ఉంది.

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది, వేలికి అలవాటు కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఐదు అయిపోతే మళ్లీ నింపడం నిదానం. .38లు ఎక్కువ కాల్చితే గదిలో ముందు భాగాన మసి ఉంగరంలా పేరుకుంటుంది, శుభ్రం చేయకుండా తర్వాత మాగ్నమ్ వేస్తే దూరదు, దూరినా ఖాళీ తొడుగు బయటకు రాదు. అయినా నెలకోసారి రేంజ్‌కు వెళ్లి యాభై కాల్చగలుగుతున్నానంటే .38 చవక కాబట్టే. రెండు రకాలు పట్టడం వల్ల నాకొచ్చిన అసలు లాభం అదే. .410 షెల్స్‌తో అంత సాధన నా జేబుకు కుదరదు, సాధన లేకుండా తుపాకీ పెట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇక మీ కథనంలో అసలు లేని విషయం ఒకటుంది, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లాయర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సినవి, స్నేహితుడు చెప్పాడని నమ్మేవి కావు. కొనకపోతే చాలు అనుకుంటారు మన పిల్లలు. రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకున్నా, తామున్న గదిలో స్నేహితుడి తుపాకీ దాచిపెట్టినా చిక్కే. ఫెడరల్ నేరం, జైలు, దేశం నుంచి పంపేయడం దాకా పోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు వేరే లెక్క. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి అర్హత ఉన్న 21 ఏళ్లు దాటినవాళ్లు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు, ఆ వార్త విని "ఇక్కడ ఎవరైనా పెట్టుకోవచ్చట" అనుకున్న కుర్రాళ్లను నేను చూశాను. అర్హత అన్న మాట దగ్గరే అందరూ ఆగాలి.

మా మేనల్లుడు నా షాపులో పనిచేయడు, వాడిది చదువు కోసం ఇచ్చే ఎఫ్-1 వీసా, దాని మీద ఇలా షాపులో పనిచేయకూడదు. శనివారాలు వచ్చి మూసేదాకా నా పక్కన కూర్చుంటాడు, అంతే. లాక్ బాక్స్ కోడ్ వాడికి చెప్పలేదు, చెప్పను. వాడికి చెప్పింది వేరు: ఎవడైనా తుపాకీ చూపిస్తే చేతులు కనిపించేలా పెట్టు, గల్లా ఇచ్చేయ్, తలుపుకు అడ్డం నిలబడకు. గల్లాలో యాభై డాలర్లకు మించి ఉంచను, మిగతాది నేలకు బిగించిన డ్రాప్ సేఫ్‌లో (పైనుంచి డబ్బు వేయడమే గానీ తాళం లేకుండా తీయలేని పెట్టెలో) పడుతుంది, దాని తాళం షాపులో ఉండదు, ఆ సంగతి తలుపు మీదే రాసి అంటించాను. అద్దాలకు అంటించిన బీరు పోస్టర్లన్నీ పీకేశాను, ఇప్పుడు రోడ్డు మీదినుంచి కౌంటర్ కనిపిస్తుంది. బయట లైట్లు మార్చాను. రివాల్వర్ కంటే ఈ పనులకే ఎక్కువ ఖర్చయింది.

సంపాదకులకు నా కోరిక ఒక్కటే. ఆ కథనం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో, వీసా మీద ఉన్న పిల్లలు తుపాకీ ముట్టుకోకూడదన్న మాట వేయండి. మా అక్క లాంటి వాళ్లు దాన్ని కూడా వాట్సాప్‌లో పంపుతారు.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఒక షాపు యజమాని,
టెక్సస్