విరిగిన షాఫ్టును పాత ఇనుముకు వేయకండి

సంపాదకుల గారికి నమస్కారం.

క్రషర్ల దగ్గర, క్వారీల దగ్గర జరిగే ప్రమాదాల గురించి మీ జిల్లా పేజీల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. షాఫ్టు విరిగి పుల్లీ ఎగిరిపడిందనో, కమాన్ కట్టలు విరిగి రాళ్ల లారీ ఒరిగిపోయిందనో చదువుతుంటాం. ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ట్రాఫిక్ ఎంతసేపు ఆగింది, ఎవరెవరు పరామర్శించారు, అన్నీ రాస్తారు. విరిగిన ముక్క ఏమైందో మాత్రం ఎక్కడా ఉండదు. నాకు తెలుసు అదేమవుతుందో. పొద్దుగూకేసరికి పాత ఇనుప సామాన్ల కొట్లో కాటా మీద ఉంటుంది. ఈ ఉత్తరం ఆ ముక్క గురించే.

నాది ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు లేత్ షాపు. చీమకుర్తి వైపు నుంచి క్రషర్ షాఫ్టులు, కొత్తపట్నం వైపు నుంచి బోట్ల షాఫ్టులు పనికి వస్తుంటాయి. తెచ్చినవాళ్లందరి మాటా ఒకటే: "నిన్న రాత్రిదాకా బ్రహ్మాండంగా తిరిగింది మేస్త్రీ, పొద్దున ఆన్ చేయగానే టప్‌మని విరిగింది. సరుకు మంచిది కాదు." పాపం, వాళ్లు చూసింది అంతే. విరిగిన చోట బయటపడే షాఫ్టు మొహం మాత్రం వేరే కథ చెబుతుంది.

ఇప్పుడు నా బల్ల మీద ఒక క్రషర్ షాఫ్టు ముక్క ఉంది. విరిగింది బేరింగు కూర్చునే చోట, లావు తగ్గి సన్నబడే మెట్టు దగ్గర. మొహంలో ముప్పావు వంతు నున్నగా, నల్లగా, అక్కడక్కడా తుప్పు రంగులో ఉంది. దాని మీద ఆల్చిప్ప వీపున ఉన్నట్టు సన్నటి వంపు గీతలు, ఒకదాని వెనక ఒకటి. ఆ వంపులన్నీ వెనక్కి పట్టుకుపోతే అంచు మీద ఒకే చోటికి చేరతాయి. అక్కడ టూలు దిగిన పదునైన గాటు ఉంది. మిగతా పావు వంతు మాత్రం గరుకుగా, కొత్త ఇనుములా తళతళలాడుతోంది. ఆ పావు వంతు ఒక్కటే ఆ రోజు పొద్దున విరిగింది. మిగతాదంతా అంతకు ముందే, ఎవరికీ చెప్పకుండా, విరుగుతూ వచ్చింది.

ఎందుకలా? బెల్టు ఒక పక్కకు లాగుతుంటుంది కాబట్టి తిరిగే షాఫ్టులో ఒక వైపు సాగుతుంది, ఎదుటి వైపు నొక్కుకుంటుంది. అర చుట్టు తిరిగేసరికి సాగినది నొక్కుకుంటుంది, నొక్కుకున్నది సాగుతుంది. నిమిషానికి 250 చుట్లు తిరిగే జా క్రషర్‌లో (దవడల్లాంటి పలకల మధ్య రాయిని నలిపే మిషన్) ఇది గంటకు 15,000 సార్లు, ఎనిమిది గంటల పనిలో 1,20,000 సార్లు. మూడు నెలలు తిరక్కముందే కోటి దాటుతుంది. గాటు దగ్గర మొదలైన ఎయిర్ క్రాక్, అంటే వెంట్రుకంత సన్నటి పగులు, ప్రతి చుట్టుకూ కొంచెం తెరుచుకుని మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడల్లా దాని కొన ఇంకాస్త లోపలికి జరుగుతుంది, మిల్లీమీటరులో వెయ్యో వంతో, అంతకంటే తక్కువో. రెండు మొహాలూ ఒరుసుకుని నున్నబడతాయి. మిషన్ ఆపినప్పుడు, లోడు మారినప్పుడు ఒక్కో గీత పడుతుంది. పగులు పొడవయ్యేకొద్దీ దాని కొన దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, దాంతో ఇంకా వేగంగా పాకుతుంది. అందుకే షాఫ్టు ఆయుష్షులో ఎక్కువ భాగం కంటికి కనపడని పగులుతోనే గడిచిపోతుంది, కనపడే దశ చాలా తక్కువ. మిగిలిన ఇనుము ఇక మోయలేనంత తగ్గిపోయినప్పుడు ఆ టప్ వినపడుతుంది.

నున్నటి భాగం పెద్దదిగా, గరుకు భాగం చిన్నదిగా ఉంటే షాఫ్టు మీద లోడు మరీ ఎక్కువ లేదని, పగులు చాలాకాలం ఓపికగా పెరిగిందని అర్థం. గరుకు భాగమే పెద్దదిగా ఉంటే లోడు మితిమీరిందనో, ఇనుము పెళుసుదనో అనుమానించాలి. నా బల్ల మీద ముక్కలో సరుకు లోపం ఏమీ కనపడలేదు. లోపం మెట్టు దగ్గర మూలది.

దీన్ని నేను కొత్తగా కనిపెట్టలేదు. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను యాక్సిల్ విరిగి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మంటలు లేచి, యాభై మందికి పైగా చనిపోయారు. వాడగా వాడగా అదురుకి ఇనుము తీరే మారిపోయి లోపల పలుకులు కడుతుందని అప్పట్లో అనుకునేవాళ్లు. ఆ గరుకు భాగం చూసి మన దగ్గర ఇప్పటికీ అదే మాట అనేవాళ్లున్నారు. మరుసటి ఏడాదే రాంకిన్ అనే యువ ఇంజనీరు విరిగిన యాక్సిళ్ల మొహాలు చూసి, పగులు మెట్టు మూల దగ్గర మొదలై చుట్టూ లోపలికి పాకుతోందని, ఆ మూలను వంపుగా తిప్పమని చెప్పాడు. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి యాక్సిళ్లను మిషన్ మీద తిప్పి తిప్పి విరగ్గొట్టి, ఎంత లోడుకు ఎన్ని చుట్లు తట్టుకుంటాయో లెక్క కట్టాడు. ఒక హద్దు కంటే తక్కువ లోడు ఉంటే ఉక్కు ఎన్ని చుట్లయినా తిరుగుతుందని తేల్చాడు. ఆ హద్దు నున్నటి షాఫ్టుకు ఒకటి, గాటు పడ్డ షాఫ్టుకు ఇంకొకటి. రెండోది చాలా తక్కువ.

మూలను వంపుగా తిప్పమని నూట ఎనభై ఏళ్ల కిందట చెప్పిన మాట మీద నాకూ గిరాకీలకూ ఇప్పటికీ గొడవే. "బేరింగు మెట్టుకి ఆనాలి, మూల షార్పుగా తీయి" అంటారు. బేరింగు లోపలి అంచుకు కూడా కాస్త వంపు ఉంటుంది. దానికంటే చిన్న వంపు మూలలో వదిలితే బేరింగు చక్కగా ఆనుతుంది. వంపు ఇంకా పెద్దది కావాలంటే మధ్యలో ఒక రింగు వేస్తే సరి. ముక్కు గుండ్రంగా అరగదీసిన టూలుతో తిప్పి, చివర ఎమరీ పేపరు పట్టాలి. అరగంట పని. సాయంత్రానికి మిషన్ తిరగాలని తొందరపెట్టేవాళ్లకు ఆ అరగంట దండగలా కనిపిస్తుంది. అంతకంటే దారుణం, అరిగిన చోట నింపడానికి గాలికి వదిలేసిన రాడ్లతో వెల్డింగ్ చేసి పంపడం. మన సముద్రపు గాలికి రాడ్డు పూత తేమ పీల్చుకుంటుంది. ఆ తేమలోని హైడ్రోజన్ వేడి ఇనుములోకి వెళ్లి, వెల్డింగ్ చల్లారాక, ఒక్కోసారి మరునాటికి గానీ పగులు బయటపెట్టదు. అందుకే 7018 అనే రకం వెల్డింగ్ రాడ్లను వేడిచేసి వాడమంటారు. ఎంతమంది వాడుతున్నారో మన ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకసారి తిరిగి చూడండి.

లారీలదీ ఇదే లెక్క, కాకపోతే అక్కడ ఇనుమును సాగదీసి నొక్కేది రోడ్డు మీది గుంటలు. వెల్డింగ్ అతుకుల మీద పడే లోడు రెట్టింపయితే వాటి ఆయుష్షు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. గ్రానైటు బ్లాకులు ఎక్కించేవాళ్లు అదనపు టన్ను కిరాయి ఒక్కటే లెక్కేసుకుంటున్నారు. బోట్ల షాఫ్టులకైతే ఉప్పునీరు తోడు. తుప్పు తిన్న ప్రతి చిన్న గుంటా ఒక గాటే. వోలర్ చెప్పిన హద్దు ఉప్పునీటిలో అసలు ఉండదు.

పగులు స్వభావం మన దగ్గర తెలియనిదేమీ కాదు. చీమకుర్తి గెలాక్సీ రాయిని వరసగా బెజ్జాలు వేసి, మేకులు దించి, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా కొడుతూ కావలసిన గీత వెంట చీల్చేవాళ్లు మన మధ్యే ఉన్నారు. పగులును ఎటు నడిపించాలో వాళ్లకు తెలుసు.

విరిగిన ముక్కను చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఒక ఉదాహరణ. 1967 డిసెంబర్ 15న అమెరికాలో ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. నదిలోంచి ముక్కలు పైకి తెచ్చి, నేల మీద పేర్చి చూస్తే, ఒక ఇనుప కడ్డీ కంతలో రెండున్నర మిల్లీమీటర్ల లోతు పగులు దొరికింది. వంతెన కట్టింది 1928లో. ఆ పగులు ఉన్న చోటికి చూపు చేరదు. ఆ ముక్క దొరక్కపోతే అతి బరువు వల్ల కూలిందని సరిపెట్టుకునేవాళ్లు. ఆ ప్రమాదం తర్వాతే ఆ దేశమంతటా వంతెనల తనిఖీకి నియమాలు వచ్చాయి.

అంచేత నా కోరిక ఇది. మిషన్ విరిగి మనిషికి దెబ్బ తగిలితే ఫ్యాక్టరీల శాఖ వాళ్లు, లారీ అయితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు, మొదట విరిగిన ముక్కను పంచనామాలో చేర్చాలి. అది ఓనరు సొత్తే కావచ్చు, విచారణ అయ్యేదాకా కాటా ఎక్కకూడదు. మీ విలేకరులు బోల్తా పడ్డ లారీని ఎలాగూ ఫొటో తీస్తారు. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి విరిగిన మొహాన్ని కూడా దగ్గరగా తీసి వేయండి. నున్నటి భాగం ఎంతో, గరుకు భాగం ఎంతో చదువరులే చూస్తారు. "సరుకు మంచిది కాదు", "డ్రైవరు నిర్లక్ష్యం" అని తేల్చేసే ముందు కొంతైనా ఆగుతారు.

ఓనర్లకూ ఒక మాట. విరగక ముందే పగులును పట్టుకోవచ్చు. ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, తెల్ల పూత చల్లితే పగులున్న చోట ఎర్రగీత తేలుతుంది. మూడు డబ్బాల సెట్టు, పెద్ద ఖర్చేం కాదు. అదీ వద్దనుకుంటే పాతకాలం పద్ధతి ఉంది: షాఫ్టు శుభ్రం చేసి కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి రాయండి. పగుల్లో దాగిన నూనె సుద్దలోకి ఊరి తడిగీత కనిపిస్తుంది. కిరసనాయిలు ఇప్పుడు ఎవరికి దొరుకుతోంది గనక, డీజిలైనా పనిచేస్తుంది. బేరింగులు మార్చిన ప్రతిసారీ మెట్ల దగ్గర, పుల్లీని షాఫ్టుకు బిగించే కీ గాడి మూలల దగ్గర చేయించండి.

ఇక విరిగిందే అనుకోండి. రెండు ముక్కలనూ జోడించి సరిపోతుందా లేదా అని చూడొద్దు. అందరూ మొట్టమొదట చేసే పని అదే, ఆ రాపిడికి గీతలన్నీ చెరిగిపోతాయి. వైర్ బ్రష్ పెట్టొద్దు. మట్టి ఉంటే మెత్తటి గుడ్డతో అద్ది, పల్చగా నూనె రాసి, ప్లాస్టిక్ కవరు చుట్టి పెట్టండి. పుల్లీ ఏ వైపు ఉండేదో, బెల్టు ఎటు లాగేదో షాఫ్టు మీద చాక్‌పీసుతో రాయండి.

ఇట్లు,
ఒక లేత్ షాపు మేస్త్రీ, ఒంగోలు
(గిరాకీలు మీ పేపరే చదువుతారు. పేరు వేయవద్దని మనవి.)