ఆదివారం నడక: రోజ్‌డేల్ పాత రైల్వే ట్రాక్

అందరికీ నమస్తే, ఈ ఆదివారం ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్ మూర్స్ కొండల్లో రోజ్‌డేల్ రైల్వే దారి మీద నడుద్దాం, బ్లేకీ దగ్గర లయన్ ఇన్ అనే పబ్ పక్కన కలుద్దాం. ఇనుప రాయి మోయడానికి 1861లో వేసిన లైను ఇది, 1929లో మూసేసి పట్టాలు పీకేశారు, ఇప్పుడు మిగిలింది కొండ అంచు పట్టుకుని పోయే దారే. ఇంజిన్ల కోసం వేసింది కదా, పెద్దగా ఎక్కుడు దిగుడు ఉండదు, పిల్లలూ నడిచేస్తారు. నాకైతే అక్కడి బట్టీలు చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది, రాయిని అందులో కాల్చి తేమా గ్యాసూ పోగొట్టి బరువు తగ్గించాకే బండికెక్కించేవాళ్ళు, ఎందుకంటే రవాణా చార్జీ బరువుని బట్టే. ఈ లైనుకే ఇంకో చివర ఇంగిల్‌బీ దగ్గర వాలు మరీ నిటారు, నిండు వ్యాగన్లు తాడుతో దిగుతుంటే ఆ బరువుకే ఖాళీవి పైకొచ్చేవి, అదింకోసారి చూద్దాం. బట్టీల గోడలు ఎక్కొద్దు ప్లీజ్, రాళ్ళు వదులుగా ఉంటాయి. పైన నీడ అస్సలుండదు, గాలి గట్టిగా కొడుతుంది, జాకెట్, నీళ్ళు, పులిహోర ఏదైనా తెచ్చుకోండి. ఎవరెవరు వస్తున్నారో శుక్రవారంలోపు చెప్పండి, కార్లు సర్దాలి.