అది విశ్రాంతి దశ కాదు

సంపాదకులకు,

ఆదివారం మీ విజ్ఞాన పేజీలో క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం ఆసాంతం చదివాను. కణం పెరిగి రెండుగా విడిపోయే కణచక్రం బొమ్మలో, రెండు విభజనల మధ్య కాలమైన అంతర్దశ పక్కన ‘విశ్రాంతి దశ’ అని వేశారు. ఇరవై ఆరేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను, ఆ మాట చూసి ఊరుకోలేకపోయాను. చక్రం నుంచి తప్పుకుని విశ్రమించే కణాలకు జీ0 అని వేరే పేరుంది.

ల్యాబులో ఉల్లి వేరు కొన స్లైడు పెడితే పిల్లలు విడిపోతున్న క్రోమోసోముల కోసమే వెతుకుతారు. గుండ్రటి కేంద్రకంతో కదలకుండా ఉన్న కణాలను చూసి “వీటిలో ఏం లేదు మేడం” అని స్లైడు జరిపేస్తారు. విడిపోవాలా వద్దా అన్న అసలు నిర్ణయం జరిగేది అంతర్దశలో ఉన్న ఆ కణాల్లోనే.

అంతర్దశలో మొదటి భాగమైన జీ1 దశలో ఆర్‌బీ అనే ప్రోటీన్, ఈ2ఎఫ్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది. డీఎన్‌ఏ నకలుకు కావలసిన జన్యువులను పని చేయించేది ఈ2ఎఫ్. పెరగమని బయటి నుంచి సంకేతం అందితే సైక్లిన్-డి అనే ప్రోటీన్ తయారై, సీడీకే4, సీడీకే6 ఎంజైములతో కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. పట్టు సడలుతుంది. బయటపడిన ఈ2ఎఫ్ సైక్లిన్-ఈ జన్యువును కూడా లేపుతుంది. ఆ సైక్లిన్-ఈ వల్ల ఆర్‌బీకి మరిన్ని ఫాస్ఫేట్లు చేరతాయి. ఇక వెనకడుగు కష్టం. క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి సుద్దముక్క కింద పెట్టి కాసేపు ఆగుతాను. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఆశ్చర్యమే.

డీఎన్‌ఏ నకలు జరిగే ఎస్ దశలో, డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల జన్యువులు, తర్వాత విభజనకు కావలసిన సైక్లిన్-బి లాంటివి తమ వంతు రాగానే పుంజుకుంటాయి. ఈస్ట్‌లో ఇలా వంతులవారీగా నడిచే జన్యువులు సుమారు 800 అని 1998లోనే లెక్క తేల్చారు. నిజానికి జన్యువులు చాలామటుకు మౌనంగా ఉండేది, క్రోమోసోములు బిగుతుగా చుట్టుకున్న ఆ విభజన సమయంలోనే.

మీ వ్యాసం క్యాన్సర్ గురించి కాబట్టే ఇంతగా అడుగుతున్నాను. ఆర్‌బీ జన్యువు రెండు ప్రతులూ చెడితే పసిపిల్లల కంట్లో రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వస్తుంది, ఆ ప్రోటీన్‌కు పేరు దాన్నుంచే వచ్చింది. 2015లో అమెరికాలో అనుమతి పొందిన రొమ్ము క్యాన్సర్ మందు పాల్బోసిక్లిబ్ అడ్డుకునేది సీడీకే4, సీడీకే6లనే. ‘విశ్రాంతి’ అని రాసేస్తే ఆ మందు ఎక్కడ పనిచేస్తుందో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

సవరణ వేసేటప్పుడు ఆ మాట తీసేసి, ఆ చోట ఆర్‌బీ, ఈ2ఎఫ్ పేర్లు చేర్చండి. మా పిల్లలు మీ పేజీ కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటారు.

— ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు